లెక్కల మేడం కోసం ఒక బేరం

మా బడిలో లెక్కలు బాగా చెప్పే మేడం ఉండటమే మా పదో తరగతి పిల్లల పాలిట నష్టమైంది.

ఆమె బాగా చెబుతుందన్న సంగతి మా ఊళ్లోనే ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. అది మండలం దాటి జిల్లాకు పాకింది. తెలంగాణ వచ్చాక పాత నల్లగొండ జిల్లా ముక్కలై మేము భువనగిరి కిందికి వచ్చాం. జిల్లా చిన్నదయ్యేసరికి శిక్షణలు పెద్దవయ్యాయి. లెక్కల టీచర్లకు ఎక్కడ శిక్షణ పెట్టినా నేర్పేందుకు మా మేడంనే పిలిచేవారు. నేర్చుకోవడానికి వచ్చే టీచర్లు ఒక విడత వచ్చి, టీ తాగి, ఫొటో దిగి పోయేవారు. నేర్పే మనిషికి మాత్రం ప్రతి విడతా ఉండేది. అంటే, చెప్పడం రాని టీచరు తన బడికి తొందరగా తిరిగి వెళ్లేవాడు. చెప్పడం వచ్చిన మా మేడం వచ్చేదే కాదు. దీన్ని కాగితాల్లో విద్యా నాణ్యత పెంచడం అని రాసేవారు.

నేను ఆ బడికి హెడ్మాస్టర్ని. చౌటుప్పల్ దాటి హైవే దిగి కొంత లోపలికి పోతే మా బడి. ఒక పక్క మందుల కంపెనీ గోడ, ఇంకో పక్క ఇళ్ల ప్లాట్ల హద్దురాళ్లు. టీచర్లలో చాలామంది పట్నం నుంచి కార్లలో కలిసి వస్తారు, గాలివాన మొదలైతే కలిసే పోతారు. మేడం మాత్రం పక్క ఊరి మనిషి. అమ్మానాయినలు కూలికి పోయి చదివించారు. ఆ ఇంట్లో మొదటి జీతం ఆమెదే. ఆదివారం చర్చి, మిగతా వారమంతా బీజగణితం. ఎవరికీ భయపడదు, నాకు అసలే భయపడదు.

దసరా సెలవుల తర్వాత ఒక పొద్దున పదో తరగతి పిల్ల తల్లి ఒకామె కంపెనీలో డ్యూటీ దిగి నేరుగా నా గదికి వచ్చింది. నెత్తికి కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు.

"సారూ, లెక్కల మేడం ఎటువాయె? వారం సంది మా పిల్ల లెక్కలు లేవు లెక్కలు లేవు అంటాంది."

"ట్రైనింగ్‌కు పోయిందమ్మా."

"ఎందుకు, ఆమెకు వస్తలేవా లెక్కలు?"

"ఆమెకెందుకు రావు? వేరే టీచర్లకు నేర్పనీకి పోయింది."

"మరి మా పిల్లకెవలు నేర్పుతరు?"

నేను బల్ల మీది టైంటేబుల్ కాగితం సర్దాను. ఆమె నా ఇబ్బంది చూసి తనే సర్దిచెప్పబోయింది.

"గా నేర్చుకున్నోళ్లు వచ్చి నేర్పుతరా సారూ?"

"వాళ్లు వాళ్ల బడులకు పోతరమ్మా."

"అయితె మా మేడం ఊరందరి పొయ్యి ముట్టిచ్చి వచ్చేదాంక మా పొయ్యి ఆరే ఉంటదన్నట్టు" అని లేచిపోయింది. పరీక్షలు మార్చిలో. త్రికోణమితి ఇంకా మొదలే కాలేదు.

నేను సాంఘిక శాస్త్రం వాణ్ని. అయినా సుద్దముక్క పట్టుకుని పదో తరగతికి వెళ్లాను. ఒక స్తంభం బొమ్మ వేసి, దాని నీడ వేసి, కోణం దగ్గర ఆగిపోయాను. ఎంతకీ ఎత్తు రాలేదు. ముందు బెంచీ పిల్ల ఒకతి చాలా మర్యాదగా లేచింది.

"సార్, మీరు మొన్న కాకతీయుల పాఠం చెప్పిన్రు గదా, మల్ల అదే చెప్పున్రి సార్. మంచిగుండె."

పిల్లలు ఇంత జాలిగా మాట్లాడారంటే పరిస్థితి చేయి దాటినట్టే. మేడంను వెనక్కి తెచ్చుకోవాలి, అదీ ఆ చలికాలం లోపే. కోపంతో కాగితం రాస్తే ఆ కాగితానికి ఇంకో కాగితం వస్తుందని సర్వీసులో నేర్చుకున్నాను. కాబట్టి నాకు వచ్చిన ఒకే ఒక విద్యను నమ్ముకున్నాను, బేరం.

తిరుమలగిరిలో మాకు బట్టల దుకాణం ఉండేది. నడక రాకముందే గుడ్డ తానుల మధ్య పాకాను. కొనేటప్పుడు సరుకును తిట్టాలి, అమ్మేటప్పుడు పొగడాలి, ఇదే మా ఇంట్లో అక్షరాభ్యాసం. పట్నం హోల్‌సేల్ బజారులో మా బాపు ఒక తానును కావాలనుకుంటే దాని వైపు చూసేవాడే కాదు. పక్క తాను విప్పించి, పోతూ పోతూ అసలు దాని మీద చెయ్యి వేసి, "రంగు దిగుతది, నేత పలచన, అయినా సరే" అనేవాడు. అదే తానును సాయంత్రానికి దుకాణంలో పరిచి, "ఇసుంటి రంగు మల్ల రాదక్కా" అని అమ్మేవాడు. రెండు సార్లూ మనస్ఫూర్తిగానే.

అలాంటి సమయంలో నాకే పిలుపు వచ్చింది. ప్రధానోపాధ్యాయులకు నాయకత్వ శిక్షణ, భువనగిరిలో. శిక్షణ నడిపించే డైరెక్టరు, మా మేడంను మాటిమాటికీ తీసుకుపోయే ఆయనే. ఎదురుగా కూర్చుంటే బేరం సగం అయినట్టేనని సంతోషంగా బయలుదేరాను. పదో తరగతిని హిందీ సారుకు అప్పగించి వచ్చాను.

కిటికీలోంచి ఖిల్లా బండ కనిపించే ఒక ప్రైవేటు కాలేజీ హాలులో పెట్టారు. లోపలికి అడుగు పెట్టగానే ఒక సంచి ఇచ్చారు. పిల్లలకు క్రమశిక్షణ నేర్పే హెడ్మాస్టర్లమంతా జిప్పు సరిగా పడే సంచి కోసం బల్ల చుట్టూ మూగాం. నేనూ ఒక సంచి మార్చుకున్నాను, మార్చుకున్న దానికి పట్టీ తెగింది. అప్పుడే నాకు అది ఒక శకునంలా తోచి ఉండాల్సింది.

ఆ తర్వాత మమ్మల్ని ఉత్సాహపరిచారు. అంటే, గుండ్రంగా నిలబెట్టి కప్పల్లా గెంతమన్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనుషులు, మెట్లు చూస్తేనే మొరాయించే మోకాళ్లు. ఒకాయన గెంతి, కూర్చుండిపోయి, లేపండని చెయ్యి చాచాడు. ఆయన చాలా బాగా పాల్గొన్నాడని అందరం వాన చప్పట్లు కొట్టాం. ఒక వేలితో మొదలుపెట్టి అరచేతి దాకా వచ్చే చప్పట్లు అవి. నాయకత్వానికీ వానకూ ఉన్న సంబంధం నాకు ఇప్పటికీ తెలియదు.

గెంతులయ్యాక పరీక్ష పెట్టారు. శిక్షణకు ముందు మాకెంత తెలుసో చూస్తారట. చివరి రోజు మళ్లీ అదే పెట్టి ఎంత పెరిగామో చూస్తారు. నేను గబగబా రాస్తుంటే పక్క కుర్చీలోని ముసలి హెడ్మాస్టరు నా మోచేయి పట్టుకున్నాడు.

"ఏం సారు, కొత్తనా? గన్ని రాస్తున్నవేంది?"

"తెలుసు గదా సార్, రాస్తున్న."

"తెల్సినా రాయొద్దు. ఇయ్యాలనే అన్నీ రాస్తె ఆఖరి రోజు నువ్వేం పెరుగుతవు? నువ్వు పెరగకపోతె గా డైరెక్టర్ పరేషాన్ అయితడు. జర ఆయన మీద గూడ దయ ఉంచు."

చూస్తే హాలంతా అదే పని. తెలిసినవి తప్పుగా రాయడానికి అనుభవజ్ఞులు తెగ ఆలోచిస్తున్నారు. మరీ తెలివితక్కువగా కనిపించకూడదు, మరీ తెలిసినట్టూ ఉండకూడదు. దసరాకు ముందు రేటు పెంచి, పండగ రోజు తగ్గింపు బోర్డు పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి ఆ కళకు మనసులోనే దండం పెట్టి, రాసిన జవాబులు కొన్ని కొట్టేశాను.

డైరెక్టరు మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఆయనా ఎక్కడో ఒక బడికి హెడ్మాస్టరే, కాకపోతే ఆ సంగతి ఆయనకూ ఆ బడికీ మాత్రమే తెలుసు. ఎన్నో ఏళ్లుగా శిక్షణల్లోనే ఉన్నాడు. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు. సాయంత్రం టీ దగ్గర ఒంటరిగా దొరికాడు. నేను కిటికీలోంచి ఖిల్లా చూస్తూ, వాతావరణం గురించి మాట్లాడుతూ, టీ బాగుందంటూ, ఆఖరికి పోతూ పోతూ అన్నట్టు ఎత్తాను.

"సార్, మా లెక్కల మేడంను మీరు అంతగనం ఎందుకు పిలుస్తున్నరో నాకైతె సమజ్ కాలే."

"ఏం, మంచిగ చెప్తది గదా?"

"చెప్తది. అందరసుంటిదే."

"అంటె?"

"గొంతు జర చిన్నది. వెనుక బెంచీలకు ఇనబడదు. కొత్త పద్ధతులంటె ఎనకముందాడుతది. ఇంకా పాత తీరుగ బోర్డు మీద రాసి, పిల్లలతోని రాయించుకుంట కూసుంటది. మీ కాడికి రావాల్సిన మనిషి కాదు సార్. ఇడిసిపెట్టున్రి, బడిలనే పడుంటది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లలో తడి కూడా కనిపించినట్టే ఉంది.

"సారూ, ఇన్నేండ్లల్ల తన టీచర్ల లోపం తనే వచ్చి ఒప్పుకున్న హెడ్మాస్టరును నేను సూడలే. గిదీ నాయకత్వమంటె!"

మరునాడు పొద్దున మైకులో, పేరు చెప్పకుండానే నా వైపు చూస్తూ ఆ ముచ్చట చెప్పాడు. హాలు నాకు వాన చప్పట్లు కొట్టింది. బేరం కుదిరిందనుకుని నేనూ వంగి దండం పెట్టాను.

మధ్యాహ్నానికి ఫోన్‌లో ఉత్తర్వు వచ్చింది. బోధనా సామర్థ్యం మెరుగుపరచుకోవాల్సిన లెక్కల టీచర్లకు ప్రత్యేక శిక్షణ. కొత్త సంవత్సరం రాగానే మొదలై, పరీక్షల ముందు దాకా. అందులో మొదటి పేరు మా మేడందే. ఉత్తర్వు కిందికి జరిపి చూశాను. ఆ శిక్షణలో నేర్పేవాళ్ల పేర్లు ఉన్నాయి. వాటిలోనూ మా మేడం పేరు ఉంది. ఆ జాబితా ముందే ఖాయమైందట, మార్చడం కుదరదట. కాబట్టి కొత్త ఏడాదిలో మా మేడం తనకు తానే లెక్కలు ఎలా చెప్పాలో నేర్పి, తన దగ్గర తానే నేర్చుకుని రావాలి.

ఆమె ఫోను రావడానికి ఎంతో సేపు పట్టలేదు.

"సార్, నాకు చెప్పొస్తలేదని మీరే చెప్పిన్రంట?"

"అది గాదు మేడం, నిన్ను ఇడిపించనీకే..."

"నా గొంతు ఇనబడదా సార్?"

ఆ మాట ఆమె అన్న తీరుకు నా చుట్టుపక్కల కూర్చున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

"ఇనబడుతది, మంచిగ ఇనబడుతది. బేరంల సరుకును జర తక్కువ చేసి చెప్పాలె మేడం, అప్పుడే..."

"నేనేమన్న మీ దుకాణంల తానా సార్? రోజూ ప్రార్థనల చెప్పే మీ బాపు ముచ్చట తీరుగ, రంగు దిగుతది, నేత పలచన అని చెప్పనీకి? సరే, మీరు నన్నేమన్నా అనున్రి, నాకు ఫికర్ లేదు. పిల్లలకు త్రికోణమితి సగం కాలే. సాంఖ్యక శాస్త్రం ముట్టలే. జనవరిల నన్ను బడిల ఉంచుతరా, ఉంచరా? గది చెప్పున్రి."

"ఉంచుత."

"ఎట్ల?"

"ఏదో ఒకటి చేస్త."

"ఏదో ఒకటి చేసినందుకే గిట్లయింది" అని ఫోను పెట్టేసింది.

ఈసారి టీ, ఖిల్లా, వాతావరణం ఏవీ పెట్టుకోలేదు. డైరెక్టరు భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుని నేరుగా పొగడటం మొదలుపెట్టాను. ఆమె లాంటి టీచరు మండలంలో లేదన్నాను. గొంతు కంచు అన్నాను. పిల్లలు ప్రాణం పెడతారన్నాను.

"నిన్న గట్లంటివి, ఇయ్యాల గిట్లంటివి" అన్నాడాయన పెరుగు కలుపుకుంటూ. "ఏ మాట నిజం?"

"ఇయ్యాలటిది."

"అంత మంచి టీచరైతె మాకే కావాలె గద సారూ, బడికెందుకు?"

ఇంత సూటిగా, ఇంత అమాయకంగా ఆ మాట అనగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దుకాణంలో అమ్మేటప్పటి నోరు, కొనేటప్పటి నోరు రెండూ వాడేశాను. తిడితే తీసుకుపోతున్నాడు, పొగిడితే ఉంచుకుంటున్నాడు. ఇలాంటి గిరాకీ మా బాపుకు కూడా తగిలి ఉండడు.

"మా హిందీ సారును తీసుకపోండ్రి సార్. మంచిగ మాట్లాడుతడు."

"హిందీ సారు లెక్కలేం చెప్తడు? సూడు సారూ, నాకు మనిషి కావాలె. ఒక మనిషిని ఇడిసిపెట్టాలంటె ఇంకో మనిషి రావాలె." ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. అచ్చంగా బాపు పక్క తానును చూసినట్టు. "నిన్న మీ గ్రూపు తరఫున చార్టు పట్టుకొని నువ్వే మాట్లాడినవు గదా? హాలంతా నవ్విన్రు. నువ్వు రా. లెక్కల కాడికి వేరే బడి టీచరును సర్దుత, నాయకత్వం కాడ నువ్వు నిలబడు. మా మహబూబ్‌నగర్ దిక్కు గూడ పోవాల్సి ఉంటది."

"నేనా? నాకు నాయకత్వమేం వస్తది సార్?"

"వచ్చినోళ్లు దొరుకుతె గీ శిక్షణలెందుకు?"

బేరం చేయి దాటినప్పుడు చేయాల్సింది ఒకటుంది, లేచి పోవడం. నాలుగడుగులు వేయగానే వెనక నుంచి పిలుపు వస్తుంది. లేచాను. చేతులు కడుక్కున్నాను. మెల్లగా హాలు దాటాను. మెట్ల మీద ఆగి చెప్పుల పట్టీ సర్దుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్‌తో అక్కర్లేని మాటలు మాట్లాడాను. వెనక్కి చూస్తే డైరెక్టరు తీరిగ్గా అరటిపండు ఒలుచుకుంటున్నాడు. పోతే పోయేది నా టీచరే అని ఆయనకు తెలుసు. పిలవకుండా వెనక్కి వచ్చిన మొదటి బేరం నా జీవితంలో అదే.

"ఒప్పుకున్న" అన్నాను.

"కూసో. పండు తింటవా?"

అలా నేను నాయకత్వ శిక్షకుణ్ని అయ్యాను. మేడం పేరు రెండు జాబితాల్లోంచీ పోయింది. హెడ్మాస్టరు బాధ్యతలు ఆమెకే అప్పగించి, తెగిన పట్టీ సంచి చంకన పెట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగాను. భువనగిరి, నల్లగొండ, మహబూబ్‌నగర్. నాలాంటి హెడ్మాస్టర్లను గుండ్రంగా నిలబెట్టి గెంతించాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోవచ్చని నా తరఫున ఒక మాట చేర్చాను. నా శిక్షణలో అందరూ మెచ్చుకున్న భాగం అదొక్కటే.

చెప్పే మాటలు ముందే అచ్చువేసి ఇచ్చేవారు. మహబూబ్‌నగర్‌లో ఒక రోజు, "ప్రధానోపాధ్యాయుడు ఎల్లప్పుడూ తన పాఠశాలలో కనిపించాలి" అన్న వాక్యం చదువుతుంటే వెనక వరుస నుంచి ఒక హెడ్మాస్టరమ్మ చెయ్యి ఎత్తింది.

"సార్, ఒక డౌట్. ఇప్పుడు మీ బడిల ఎవలున్నరు?"

నేను చేతిలోని అచ్చుకాగితం తిరగేసి చూశాను.

"చాలా మంచి ప్రశ్న. దీన్ని గ్రూపులల్ల చర్చ చేసి, చార్టు మీద రాసి తేండ్రి."

రాసి తెచ్చారు. చార్టుల మీద నా బడి సంగతి తప్ప అన్నీ ఉన్నాయి.

మధ్యలో ఒక సెలవు దొరికితే బడికి వెళ్లాను. నేను లేక ఎంత చెదిరిపోయిందోనని దారి పొడుగునా కాస్త గర్వంగానే దిగులుపడ్డాను. గంట సమయానికి మోగింది. పిల్లలు అన్నం దగ్గర వరుసలో ఉన్నారు. పట్నం టీచర్లు సాయంత్రం గంట కొట్టేదాకా కార్ల వైపు చూడటం లేదు. పదో తరగతి బోర్డు మీద స్తంభానికి ఎత్తు వచ్చింది.

"ఎట్ల సాధ్యమైంది మేడం?" అన్నాను. "త్రికోణమితి అయిపోయిందా?"

"అయిపోయింది సార్. సాంఖ్యకం గూడ అయితాంది."

"అంత టైం ఏడ దొరికింది?"

ఆమె సుద్దముక్క పక్కన పెట్టింది.

"మీరుంటె రోజూ పొద్దున ప్రార్థనల ప్రసంగం ఉండె గద సార్. మొదటి పీరియడ్ మొత్తం దాంట్లనే పోతుండె. గిప్పుడు గా టైంల లెక్కలు చెప్తున్న."

పక్కనే ఉన్న హిందీ సారు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

పరీక్షలయ్యాయి. ఫలితాలు వచ్చాయి. మా బడిలో లెక్కల్లో తప్పినవాళ్లు లేరు. వేసవిలో జరిగిన ఒక సమావేశంలో డైరెక్టరు మా బడి ఫొటో తెర మీద వేసి, హెడ్మాస్టరుకు నాయకత్వ శిక్షణ ఇస్తే బడి ఎలా మారుతుందో చూడమన్నాడు. ఆయన అన్న దాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. శిక్షణ వల్లే బడి బాగుపడింది, అది నన్ను అక్కడి నుంచి తీసుకుపోయింది కాబట్టి. వాన చప్పట్లు కురుస్తుంటే లేచి నిలబడి అందుకున్నాను. తిరస్కరించేంత గొప్పవాణ్ని కాను, పైగా ఉచితంగా వస్తున్నాయి.

బడులు తెరిచాక డైరెక్టరు ఫోను చేశాడు.

"సారూ, ఈ ఏడు మల్ల లెక్కల శిక్షణలున్నయి, నాయకత్వం శిక్షణలున్నయి. మీ బడి నుంచి ఒకరు రావాలె. మేడం వస్తదా, నువ్వొస్తవా?"

నాకు పోవాలని లేదు. గెంతించి గెంతించి విసిగిపోయాను. కుర్చీ, టేబులు, నా గది, పొద్దుటి ప్రసంగం అన్నీ గుర్తొస్తున్నాయి. అడిగి చెబుతానని స్టాఫ్ రూముకు వెళ్లి విషయం చెప్పాను. బతిమాలుతారేమో, "మీరు లేకుంటె ఎట్ల సార్" అని కనీసం ఒక్కరైనా అంటారేమోనని కాస్త ఆగాను కూడా.

"మీరే పోండ్రి సార్" అన్నాడు హిందీ సారు. "బడి ఫికర్ పెట్టుకోకండ్రి, మేమున్నం."

"అవు సార్, మీకు మంచి పేరొచ్చింది" అన్నారు పట్నం టీచర్లు.

మేడం మాత్రం నన్ను సూటిగా చూసింది. "సార్, ఈ ఏడు పదో తరగతిల పిల్లలు ఎక్కువున్నరు. లెక్కల జర వీక్ గూడ ఉన్నరు. నన్ను పోనియ్యకండ్రి. గంతే."

నేను డైరెక్టరుకు ఫోను చేసి వస్తున్నానని చెప్పాను. ఈసారి బేరమాడలేదు.

మరునాడు పొద్దున సంచి తీసుకుని గదికి తాళం వేసి, తాళంచెవి మేడంకు ఇద్దామని పదో తరగతి వైపు నడిచాను. పాఠం మొదలైపోయింది. ఆమె బోర్డు మీద ఏదో గీస్తూ, గొంతు పెంచి అడుగుతోంది. వెనుక బెంచీ నుంచి జవాబు వస్తోంది. తలుపు దగ్గర నిలబడ్డ నన్ను ఎవరూ చూడలేదు. పిలుద్దామనుకుని, పాఠం ఆగిపోతుందని మానుకున్నాను. తాళంచెవిని కిటికీ గూట్లో పెట్టి బస్సు కోసం హైవే వైపు నడిచాను.